అంబేడ్కర్ కోరిన పంపకం

దాంపత్యం విచ్ఛిన్నమైనప్పుడు ఇల్లు ఎవరికి, అప్పు ఎవరి నెత్తిన, పోషణ బాధ్యత ఎవరిది? వీటిని మనం కుటుంబ కలహాలుగా చూసి వదిలేస్తాం. డాక్టర్ అంబేడ్కర్ వాటిలో కుల వ్యవస్థ పునాదిని చూశారు.

1891 ఏప్రిల్ 14న మౌ కంటోన్మెంట్‌లో సైనికోద్యోగి ఇంట పుట్టిన ఆయన, పాతికేళ్ల వయసులో కొలంబియా విశ్వవిద్యాలయంలో కులంపై పరిశోధన పత్రం చదివారు. సొంత కులంలోనే పెళ్లి అన్న కట్టుబాటు కులానికి ప్రాణమని, ఆ కట్టుబాటును కాపాడటానికే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం పుట్టాయని అందులో వాదించారు. స్త్రీపై అదుపు సడలకుండా కులం సడలదన్న ఈ అవగాహన ఆయన్ను చివరిదాకా విడవలేదు. 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో మనుస్మృతిని దహనం చేయించడం వెనుకా అదే ఉంది.

1947లో తొలి న్యాయశాఖ మంత్రి అయ్యాక, బి.ఎన్.రావు కమిటీ రూపొందించిన హిందూ కోడ్ ముసాయిదా ఆయన చేతికి వచ్చింది. 1948లో ఆయన నేతృత్వంలోని సెలెక్ట్ కమిటీ దానిని తిరగరాసింది. కుమార్తెకు కుమారుడితో సమానమైన వాటా ఇచ్చింది. స్త్రీకి ఆస్తిపై ఉన్న పరిమిత హక్కును సంపూర్ణ హక్కుగా మార్చింది. కట్నాన్ని వధువు పేరిట ట్రస్టు ఆస్తిగా పరిగణించింది. తండ్రి చేసిన అప్పును తీర్చడం కుమారుడి ధర్మమన్న పాత సూత్రాన్ని రద్దు చేసింది. విడాకులతోపాటు, క్రూరత్వం వంటి కారణాలతో వేరుగా బతికే భార్యకు మనోవర్తి హక్కునూ చేర్చింది.

విడాకులు హిందూ సంప్రదాయానికి విరుద్ధమని ప్రత్యర్థులు గగ్గోలు పెట్టారు. హిందువుల్లో అత్యధికులైన శూద్రుల్లో విడాకుల ఆచారం ఎప్పటినుంచో ఉందని అంబేడ్కర్ గుర్తుచేశారు. పిడికెడు ద్విజుల ఆచారం యావద్దేశ సంప్రదాయంగా ఎలా చలామణి అవుతోందో ఈ వాదన బయటపెట్టింది. దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. పై కులాల స్త్రీ చుట్టూ ఆస్తి ఉన్నా కాపురం నుంచి బయటపడే దారి లేదు. కింది కులాల స్త్రీకి కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకునే దారి ఉన్నా, బయటపడ్డాక నిలదొక్కుకునే ఆస్తి లేదు. ఈ రెండు లోటులనూ ఒకే చట్టంలో పూడ్చడానికి ప్రయత్నించడమే ఆ బిల్లు ప్రత్యేకత.

అందుకే దానిని ముక్కలు చేశారు. 1951 సెప్టెంబర్‌లో ఆస్తి భాగాన్ని పక్కనపెట్టి, వివాహం–విడాకుల భాగాన్నే ముందుగా చేపట్టారు. నాలుగు క్లాజులు దాటగానే దాన్నీ ఆపేశారు. అనారోగ్యంతోనే బిల్లు కోసం పదవిలో కొనసాగిన అంబేడ్కర్ ఆ నెల 27న రాజీనామా చేశారు. షెడ్యూల్డ్ కులాల పట్ల నిర్లక్ష్యం, వెనుకబడిన వర్గాల కమిషన్ వేయకపోవడం కూడా ఆయన చెప్పిన కారణాల్లో ఉన్నాయి.

ఆ తర్వాత 1955, 1956లలో ఆ బిల్లు వేర్వేరు చట్టాలుగా, పలచబడిన రూపంలో వచ్చింది. 1956 డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు. మనోవర్తి హక్కును పొందుపరిచిన చట్టం సరిగ్గా పదిహేను రోజుల తర్వాత అమల్లోకి వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు పుట్టుకతో హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి, దేశమంతటా 2005లో దక్కింది. తండ్రి అప్పు కుమారుడి ధర్మమన్న సూత్రం కూడా ఆ 2005 సవరణతోనే పోయింది.

ఇంకా మిగిలిన లోటు ఒకటుంది. హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకుల తర్వాత భార్య భరణం కోరవచ్చు. అది ఎంతన్నది మాత్రం న్యాయస్థానం విచక్షణకే వదిలారు. కాపురంలో ఇద్దరి శ్రమతో సమకూరిన ఇల్లు, పొలం భర్త పేరిట ఉంటే, వాటిలో ఆమెకు నిర్దిష్ట వాటా అంటూ లేదు. ఇంటి చాకిరీకీ, పొలంలో చెమటకూ చట్టం ఇప్పటికీ విలువ కట్టలేదు. అంబేడ్కర్ జయంతులకు దండలు వేసే ప్రభుత్వాలు ఆయన వదిలిన పనిలో ఈ భాగాన్ని ఎప్పుడు చేపడతాయో చెప్పాలి. వాటాలేని విడాకులు పేద స్త్రీకి స్వేచ్ఛనివ్వవు, వీధిన పడేస్తాయి.