మీర్ మహబూబ్ అలీ ఖాన్

మీర్ మహబూబ్ అలీ ఖాన్ (1866 ఆగష్టు 17 - 1911 ఆగష్టు 29) హైదరాబాదు రాజ్యాన్ని పరిపాలించిన ఆరవ నిజాము. నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతాలు ఈయన రాజ్యంలోనివే. మానుకోటకు మహబూబాబాదు అన్న పేరు ఈయన మూలంగానే వచ్చినదని చెబుతారు. ఒకసారి ధరించిన దుస్తులు మరల ధరించడని పేరుపొందిన ఈయనకు, కోరి చేయించుకున్న రోల్స్ రాయిస్ కారును ఎక్కే యోగం మాత్రం కలుగలేదు.

పాలన

తండ్రి అఫ్జల్ ఉద్దౌలా 1869లో మరణించగా రెండున్నరేళ్ళ వయసులో సింహాసనానికి వచ్చాడు. దివాను మొదటి సాలార్ జంగ్ తదితరులు రాజ్యభారం వహించారు. 1884లో వైస్రాయి లార్డ్ రిప్పన్ సమక్షంలో పూర్తి అధికారాలు పొందాడు. సికింద్రాబాదు నుండి జనగామ మీదుగా 1886లో వరంగల్లు చేరిన రైలుమార్గం, మహబూబాబాదు, డోర్నకల్లు దాటి 1889లో బెజవాడను కలిపినది. 1908 మూసీ వరదలలో నిరాశ్రయులకు రాజభవనాల ద్వారాలు తెరిపించాడు.

పసుపు రోల్స్ రాయిస్

ఈయన కోరిన సిల్వర్ ఘోస్ట్ కారుకు లండనులోని బార్కర్ సంస్థ పైభాగం నిర్మించినది. రంగు అసఫ్ జాహీల పసుపు. వెనుక ఆసనాన్ని సింహాసనం వలె ఎత్తుగా అమర్చారు. కారు చేరకముందే ఈయన ఫలక్‌నుమాలో మరణించాడు. సమాధి మక్కా మసీదులో ఉన్నది. కారు కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు దక్కినది. అది ఉత్సవాలకే బయటకు వచ్చేది. 1947 వరకు 356 మైళ్ళకు మించి నడవలేదంటారు. తరువాతి కాలంలో పునరుద్ధరింపబడి చౌమహల్లా రాజభవనంలో ప్రదర్శింపబడినది.

టైర్ల సమస్య

ఆ కాలపు కార్లను పునరుద్ధరించేవారికి ఇంజను కంటే టైర్లే ఎక్కువ చిక్కు తెస్తాయి. రబ్బరులో జింకు ఆక్సైడు కలిపేవారు కనుక అప్పటి టైర్లు మొత్తంగా తెల్లగానో బూడిదరంగులోనో ఉండేవి. అరుగుదల తగ్గించడానికి నల్లటి మసిని కలపడం 1910 తరువాత వ్యాపించినది. తొలుత నేలను తాకే భాగానికే కలిపినందున పక్కలు తెల్లగా మిగిలాయి. ఈ వైట్‌వాల్ టైర్లు 1930లలో గొప్ప ఫ్యాషనయ్యాయి. కావున 1911 నాటి నమూనాకు వాటిని తొడిగితే, చూడముచ్చటగా ఉన్నా, కాలానికి పొసగదు.

తెల్ల రబ్బరు ఎండకు, ధూళికి పసుపుబారుతుంది. మెత్తని బ్రష్షుతో, సబ్బునీటితో కడగడమే క్షేమం. పెట్రోలు రబ్బరును తినివేస్తుంది. నడవని కారు టైర్లకు ముప్పు మరొకటి. బరువంతా ఒకేచోట పడి అవి చదునౌతాయి, పగుళ్ళు తేలుతాయి. అందువలన నిలిపి ఉంచే పాత కార్లను ఇరుసుల కింద స్టాండులు పెట్టి, చక్రాలను నేలకు తగలనీయకుండా నిలబెడతారు.