కుంచె అందించిన చేతులు

విచారణలో ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక ఫిర్యాదు తరచు వింటుంటాను. నిన్న వంటింట్లో చక్కగా తిరిగిన అత్తగారు ఈ వేళ మంచం దిగలేనంటున్నారని కోడలు చెబుతుంది. ఆ మాటలో చిన్న అనుమానం దాగి ఉంటుంది. జబ్బు మనిషిని నొప్పి ఎంత బాధిస్తుందో, ఆ అనుమానం అంతకన్న ఎక్కువ బాధిస్తుంది. నిజానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం తీరే అంత. ఒకరోజు తగ్గినట్టుంటుంది, మరునాడు విజృంభిస్తుంది. ఆ జబ్బుతో పాతికేళ్ళకు పైగా జీవించిన ఒక చిత్రకారుని గురించి ఈ వారం తెలుసుకుందాం.

పియెర్ ఒగుస్త్ రెన్వార్ 1841 ఫిబ్రవరి 25న ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణంలో జన్మించారు. తండ్రి దర్జీ. చిన్నతనంలో పారిస్‌లో గూనో అనే సంగీతకారుని వద్ద దేవాలయ గాయక బృందంలో పాడారు. 13వ ఏటనే పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసే పనిలో కుదిరారు. 1874లో మోనే మొదలైన మిత్రులతో కలిసి పారిస్‌లో చిత్ర ప్రదర్శన జరిపి, ఇంప్రెషనిస్టులలో ఒకరుగా పేరు పొందారు.

1892 ప్రాంతంలో, 50 ఏళ్ళ వయసులో, ఆయనకు ఈ జబ్బు మొదలైంది. వేళ్ళు బిగుసుకుపోకుండా రోజూ చిన్న బంతులు ఎగరేసి పట్టుకుంటూ ఉండేవారు. 1897లో సైకిలు మీదనుండి పడి కుడిచెయ్యి విరిగింది. ఆ తరువాత జబ్బు ముదిరింది. వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుపోయాయి, కుడి భుజం బిగుసుకుపోయింది. ఈ రోగం కీళ్ళతో ఆగేది కాదు, దేహమంతటినీ పట్టుకుంటుంది. ఆయన చిక్కి శల్యమయ్యారు, చర్మం క్రింద గడ్డలు లేచాయి. ఆ రోజుల్లో దీనికి సరైన మందు లేదు. వేడినీటి ఊటల స్నానాలు చేసినా ఫలితం స్వల్పమే.

చలి పడక దక్షిణ ఫ్రాన్సులోని కాన్యకు మారారు. 1907లో అక్కడ ఒక ఆలివ్ తోట కొన్నారు. నరికివేతకు గురికాబోతున్న పాత చెట్లను కాపాడాలన్నది ఆయన కోరిక.

1912 నాటికి నడక పోయింది. అప్పుడు ఒక వైద్యుడు ఎంతో శ్రమించి ఆయనను నాలుగు అడుగులు వేయించాడట. కుమారుడు జాఁ రాసిన జీవిత చరిత్రలో ఈ సంగతి ఉంది. రెన్వార్ నడిచి చూసి, తిరిగి చక్రాల కుర్చీలో కూర్చున్నారు. నడవడానికే ఉన్న బలమంతా ఖర్చయిపోతే బొమ్మలు వేయడానికి ఏమీ మిగలదని గ్రహించి, నడకను వదులుకున్నారు. అది ఓటమి కాదు. ఉన్న కొద్ది శక్తిని దేనికి వెచ్చించాలో తానే నిర్ణయించుకోవడం.

కుంచెను ఆయన చేతికి కట్టేవారని చాలామంది చెప్పుకుంటారు. అది పొరపాటు. ముడుచుకున్న వేళ్ళ గోళ్ళు చర్మంలో దిగకుండా అరచేతికి గుడ్డ చుట్టేవారు. కుంచెను ఎవరో ఒకరు వేళ్ళ మధ్య పెట్టాలి. 1915లో సాషా గిత్రీ తీసిన మూకీ చిత్రంలో చిన్న కొడుకు క్లోద్ తండ్రికి సాయపడుతూ కనిపిస్తాడు. పెద్ద కాన్వాసును కదురు లాంటి కర్రలకు చుట్టి, ఆయన చెయ్యి అందే చోటికి తిప్పేవారు.

అదే యుద్ధకాలంలో పెద్ద కుమారులిద్దరూ గాయపడ్డారు. 1915లో భార్య అలీన్ మరణించింది. అయినా పని ఆగలేదు. 1919 డిసెంబరు 3న కన్నుమూసే ముందు స్నానం చేసే స్త్రీల పెద్ద చిత్రాన్ని పూర్తి చేశారు.

ఈ రోజు మెథోట్రెక్సేట్ వంటి మందులు ఉన్నాయి. వేళ్ళు వంకరపోకముందే వాడితే కీళ్ళను చాలావరకు కాపాడుకోవచ్చు. పొద్దున్నే చేతులు చాలాసేపు బిగుసుకుపోయి, కణుపులు వాస్తుంటే వయసు మీద నెట్టేయకుండా డాక్టరుకు చూపించండి. నిన్న నడిచిన అమ్మ ఈ వేళ లేవలేనంటే నమ్మండి. ఆమెకు ఏ పని ఇష్టమో అడగండి. దానికోసం మిగతా పనులు మీరు అందుకోండి. రెన్వార్ చేతిలో కుంచె నిలిచింది ఆయన పట్టుదల వల్లనే కాదు. దాన్ని రోజూ విసుక్కోకుండా అందించిన చేతుల వల్ల కూడా.