గినీ విలువ చేసే మాట

థామస్ బీచమ్ 1820లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ ప్రాంతంలో ఒక నిరుపేద వ్యవసాయ కూలీ కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే గొర్రెల కాపరియై, మందను మేపుతూ మూలికల గుణాలను తెలుసుకున్నాడు. పెద్దవాడైన పిమ్మట విరేచనపు మాత్రలు తయారుచేసి సంతలలో విక్రయించాడు. సెయింట్ హెలెన్స్ పట్టణంలో స్థిరపడి, 1859లో అక్కడి పత్రికలో ప్రకటన ఇచ్చాడు. పెట్టె ఒక్కటి గినీ విలువ చేస్తుందన్నదే అతని నినాదం. గినీ అంటే 21 షిల్లింగులు. పెట్టె వెల మాత్రం ఒక షిల్లింగు, ఒకటిన్నర పెన్నీలు.

వ్యాపారం వృద్ధి చెందింది. కుమారుడు జోసెఫ్ విస్తృతమైన ప్రకటనలతో ఆ నినాదాన్ని దేశదేశాలకు వ్యాపింపజేశాడు. క్రమంగా అది మాత్రల పెట్టెను విడిచి జనుల నాలుకలపై నిలిచింది. స్వల్పమైన వెలకు లభించి అధికంగా ఉపకరించే ఏ వస్తువునైనా ఆంగ్లేయులు ఆ మాటతోనే మెచ్చుకొనేవారు. అలా ఒక వర్తకుని నినాదం ఆంగ్ల భాషలో నుడికారమైంది.

బీచమ్ 1907లో మరణించాడు. రెండేళ్ల తరువాత బ్రిటిష్ వైద్య సంఘం ఆ మాత్రల పరీక్షా ఫలితాలను ప్రచురించింది. వాటిలో ఉన్నవి ముసాంబరం, శొంఠి, సబ్బు. 56 మాత్రలకు పట్టే ద్రవ్యాల ఖరీదు పెన్నీలో ఎనిమిదవ వంతు మాత్రమే. ప్రకటనలు అనేక రోగాల పేర్లు చెప్పినా, మాత్రలు చేయగలిగిన పని విరేచనం కలిగించడమే.

అయినా ఆ నుడికారం వాడుకలో నిలిచింది. మాట అందాన్ని మెచ్చుకోవచ్చును. వస్తువు విలువను మాత్రం పరీక్షించియే గ్రహించాలని బీచమ్ జీవితం మనకు బోధిస్తుంది.