శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు
శ్రీ విశ్వేశ్వరయ్యగారు 1861లో ముద్దెనహళ్ళియందు తెలుగు మాటాడు కుటుంబమున జన్మించిరి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదున వేలాది ప్రాణములను హరింపగా, నిజాం ప్రభుత్వము 1909లో వీరిని రప్పించెను. ఎగువ చెరువులనేకము తెగుటయు ఆ విపత్తునకు కారణమని గ్రహించి, వఱదను నగరమునకు ఎగువనే నిలుపవలెనని వీరు నిర్ణయించిరి. తత్ఫలముగా 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు వెలసినవి.

ఈ జలాశయములకు వాననీరొసగు ప్రాంతమే చేవెళ్ళ, మొయినాబాదు సీమ. అచ్చట నిర్మాణములపై 1996లో విధించిన నిర్బంధములను ప్రభుత్వము 2022లో తొలగించెను. వాగు పూడ్చినచో నీరు ఇండ్లపై బడును. గట్టు, పచ్చిక లేనిచో మన్ను కొట్టుకొనిపోయి జలాశయమున పూడికయగును. కావున స్థలములు చదునుచేయు మనవారు నీటివాలును చెఱుపక, గట్లు వేసి, పచ్చిక పెంపవలెనని ప్రార్థించుచున్నాము. 1962లో కీర్తిశేషులైన ఆ మహనీయునకు అదియే మనమొసగదగిన జలతర్పణము.