మదీనా విదుషి ఆయిషా

మదీనా మసీదు నానుకొని ఒక చిన్న గది యుండెను. ప్రవక్త మహమ్మదు 632లో కన్నుమూసినదియు, సమాధి చేయబడినదియు ఆ గదియందే. ఆ పిమ్మట 46 ఏండ్లు జీవించిన ఆయన భార్య ఆయిషా ఆ యింటినే విద్యాసత్రముగా మార్చెను. పరాయి పురుషులు తెర కీవల కూర్చుండి ప్రశ్నించెడివారు. ఆవలినుండి సమాధానము వచ్చెడిది.

తండ్రి అబూబకరు అరబ్బుల వంశచరిత్రల నెరిగిన దిట్ట. ఆ విద్యయు, కవిత్వాభిరుచియు ఆమెకు పుట్టింటి సొత్తు. ప్రవక్త మాటలను, నడవడిని తెలుపు వృత్తాంతములను హదీసులందురు. ఆమె పేర నిలిచిన హదీసులు 2210. అయినను ఆమె ఘనత యీ సంఖ్యలో లేదు. విన్నదానిని నిగ్గుదేల్చుటలో నున్నది.

బంధువులు రోదించినచో మృతునికి శిక్ష కలుగునని ఖలీఫా ఉమరు కుమారుడు అబ్దుల్లా చెప్పుచుండెను. ఆయన అసత్యమాడలేదు గాని పొరబడెనని ఆమె సవరించెను. ఒకరి పాపభారము వేరొకరిపై పడదను ఖురాను సిద్ధాంతమే ఆమెకు గీటురాయి.

ప్రార్థించువాని యెదుట కుక్కగాని, గాడిదగాని, స్త్రీగాని సాగిపోయినచో ప్రార్థన భంగమగునని మరికొందరనిరి. స్త్రీలను జంతువులతో జతకట్టుటకు ఆమె కోపించెను. రాత్రివేళ ఆ యిరుకు గదిలో తాను ఎదుట పరుండియుండగనే ప్రవక్త ప్రార్థన సాగించెడివాడని చెప్పెను. ఇంటి యనుభవమే యిచట శాస్త్రప్రమాణమైనది! తరువాతి న్యాయవేత్తలలో పెక్కురు ప్రార్థన భంగము కాదనియే తీర్మానించిరి. ఆమె నోరు మెదపకున్నచో స్త్రీని అపవిత్రగా నెంచువారికి ఎంత బలము చేకూరియుండెడిదో!

656లో బస్రా చెంత అలీ సేనలతో జరిగిన ఒంటె యుద్ధములో ఆమె పక్షము ఓడెను. అలీ ఆమెను సగౌరవముగా మదీనాకు పంపెను. ఆ యుద్ధమునకై ఆమె కడవరకు వగచెనని చరిత్రకారులు వ్రాసిరి.

678లో ఆమె మరణించినపుడు అంత్యప్రార్థన నడపినవాడు అబూ హురైరా. ఆయన చెప్పిన హదీసులను ఆమె పలుమార్లు దిద్దియుండెను. ఆమె సవరణలన్నింటిని 14వ శతాబ్దిలో జర్కషీ యను పండితుడు ప్రత్యేక గ్రంథముగా కూర్చెను.

అక్క కొడుకు ఉర్వాయు, ఆమె చేతులలో పెరిగిన అమ్రాయు శిష్యులలో మేటులు. 8వ శతాబ్ది తొలినాళ్లలో ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్, హదీసులు నశించునను భయమున వానిని వ్రాయింపుమని మదీనాకు ఉత్తరువు పంపెను. అందు అమ్రా యెరిగినదానిని తప్పక వ్రాయుమని ఆమె పేరు పెట్టి చెప్పెను.