మార్కొనీ – నిలువు తీగ

ఒకప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలో రేడియో ఉన్న ఇంటిని వీధిలో నుండియే గుర్తింపగలిగెడివారము. మిద్దెపై రెండు గుంజల నడుమ కట్టిన ఏరియల్ తీగయే ఆ సంగతి చెప్పెడిది. కడప, బెంగుళూరు ఆకాశవాణి కేంద్రముల పాటలును వార్తలును ఆ తీగ వెంట మన ఇండ్లకు దిగివచ్చెడివి. ఈ విద్యను ఉర్దూలో బేతార్ అందురు. తెలుగులో నిస్తంత్రి అందురు. రెండింటికిని తీగ లేనిదనియే అర్థము. అయినను ఆకాశమున పోవు వార్తకు ఇరువైపుల చెరియొక తీగ ఉండక తప్పదు. ఆ తీగ ఎంత పొడవుండవలెను? ఈ ప్రశ్నతో ఏండ్ల తరబడి పెనగిన గుగ్లియెల్మో మార్కొనీ జీవితమును మన విద్యార్థుల ముందుంచుచున్నాము.

మార్కొనీ 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యా నగరమున జన్మించెను. తండ్రి జుసెప్పె భూస్వామి. తల్లి ఆనీ ఐర్లండు దేశపు వనిత. విశ్వవిద్యాలయ పట్టము ఆయనకు లేదు. విద్యుదయస్కాంత తరంగములను ప్రయోగమున చూపిన హెర్ట్జ్ 1894లో మరణింపగా, ఆ శాస్త్రజ్ఞుని కృషిని గూర్చి చదివిన ఈ యువకునికి ఆ తరంగములతో వార్తలు పంపవలెనను కోరిక కలిగెను.

1895లో, అనగా మన మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన సంవత్సరముననే, మార్కొనీ తన తండ్రి తోటలో ప్రయోగములు సాగించెను. మొదట సంకేతములు ఎంతో దూరము పోలేదు. అప్పుడాయన యంత్రపు ఒక కొనను ఎత్తయిన గుంజపై నుంచిన లోహపు పలకకును, రెండవ కొనను భూమిలో పాతిన పలకకును కలిపెను. గుంజ ఎత్తు పెరిగిన కొలది దూరము పెరిగెను. సంకేతము కొండను దాటి, మైలుకు పైగా ప్రయాణించెను.

దీని మర్మమును గ్రహింతము. వీణ తీగ పొడవును బట్టి స్వరము మారునట్లే, నిలువు తీగ పొడవును బట్టి అందుండి వెలువడు తరంగము మారును. తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు పొడవున్న తీగ చక్కగా స్పందించును. మిగిలిన సగపు పాత్రను క్రింది నేల అద్దమువలె వహించును. మార్కొనీ తొలినాటి యంత్రములలో శ్రుతి చేయు సాధనము వేరుగా లేదు. తీగయే శ్రుతిని నిర్ణయించెడిది.

స్వదేశమున తగిన ప్రోత్సాహము దొరకక 1896లో ఇంగ్లండు చేరి ఆయన పేటెంటు కోరెను. 1897లో బ్రిస్టల్ ఖాతమును, 1899లో ఇంగ్లీషు చానలును ఆయన సంకేతములు దాటెను. 1900లో 7777 సంఖ్య గల పేటెంటుతో, పంపు యంత్రమును గ్రహించు యంత్రమును ఒకే శ్రుతికి తెచ్చు విధానమును రూపొందించెను.

ఇక అట్లాంటిక్ మహాసముద్రము మిగిలెను. ఇంగ్లండులోని పోల్డూ వద్ద 200 అడుగుల స్తంభములు ఇరువదింటిని వలయముగా నిలిపిరి. 1901 సెప్టెంబరు తుపానుకు అవి కూలిపోయెను. మార్కొనీ వెనుదీయలేదు. రెండు స్తంభముల మధ్య తీగలు కట్టించి, తాను న్యూఫౌండ్లండుకు పోయెను. అక్కడ బెలూను గాలికి కొట్టుకొనిపోగా, 500 అడుగుల తీగను గాలిపటముతో పైకి ఎగురవేసెను. గాలిపటము ఊగుచుండుటచే తీగ ఎత్తు నిలకడగా ఉండలేదు. అందువలన శ్రుతి నిలువలేదు. తాను ఎంతో శ్రమించి సాధించిన శ్రుతి యంత్రమును ప్రక్కన పెట్టి, ఆయన చెవికి టెలిఫోను ఆనించుకొని వినవలసి వచ్చెను. డిసెంబరు 12న మూడు చుక్కల సంకేతము వినబడెనని ఆయన ప్రకటించెను. ఆయన చేతనున్న పాదరస గ్రాహకము, మన జగదీశ చంద్ర బోసు 1899లో రాయల్ సొసైటీకి తెలిపిన దానిని పోలినదని పరిశోధకులు చెప్పుదురు.

విన్నవారు మార్కొనీయు, సహాయకుడు కెంపును మాత్రమే. కాగితముపై ఆధారము లేదు. పలువురు సందేహించిరి, నేటికిని ఆ సందేహము పూర్తిగా తీరలేదు. అయితే మార్కొనీ వాదులాటకు దిగక, 1902లో ఫిలడెల్ఫియా అను ఓడలో ప్రయాణించుచు సంకేతములను కాగితపు పట్టీపై అచ్చుపడునట్లు చేసెను. పగలు సుమారు 700 మైళ్ల వరకే అందిన సంకేతములు రాత్రి 2,000 మైళ్లు దాటి అందెను. రాత్రివేళ దూరపు కేంద్రములు మన రేడియోలో వినబడుటకును ఇదియే మూలము. సందేహమునకు మాటతో గాక కొలతతో బదులిచ్చుట ఆయన జీవితమున మనకు మిక్కిలి నచ్చిన ఘట్టము.

1909లో ఆయన బ్రౌనుతో కలిసి నోబెల్ బహుమతి పొందెను. 1912లో టైటానిక్ మునిగినపుడు, నిస్తంత్రి పిలుపు వలన వచ్చిన ఓడ 700 మందికి పైగా ప్రాణములు నిలిపెను. 1923లో ముస్సోలినీ పక్షమున చేరుట ఆయన చరిత్రలో మచ్చయే. దానిని దాచుట న్యాయము కాదు. 1937 జూలై 20న రోమునగరమున ఆయన కన్నుమూయగా, రేడియో కేంద్రములు రెండు నిమిషములు మౌనము వహించెను.

విద్యార్థులారా! ఈ కొలతను మీరును సరిచూడవచ్చును. 300ను మెగాహెర్ట్జులతో భాగించినచో తరంగదైర్ఘ్యము మీటర్లలో వచ్చును. 900 కిలోహెర్ట్జులపై ప్రసారము చేసిన కడప కేంద్రపు తరంగము 333 మీటర్లు. అందు నాలుగవ వంతు 83 మీటర్లు. వినుటకు మన మిద్దెపై చిన్న తీగయైనను చాలెను. పంపుటకు మాత్రము కొలత తప్పరాదు. హామ్ అభిరుచి గలవారు వాడు 145 మెగాహెర్ట్జులకు లెక్క 52 సెంటీమీటర్లు. తీగ కొన ప్రభావమునకై సుమారు నూటికి ఐదు తగ్గింపగా 49. ప్రసారమునకు ప్రభుత్వపు లైసెన్సు తప్పనిసరి. మన రాతినేల విద్యుత్తును చక్కగా ప్రవహింపనీయదు. కావున తీగ మొదట నాలుగు అడ్డతీగలు పరచవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తీగను మొదట కొంత పొడవుగానే కోసి, పరీక్షించుచు కొంచెము కొంచెముగా కత్తిరింపుడు. పొడవైన దానిని తగ్గింపవచ్చును. పొట్టిదైన దానిని పెంచలేము.