ఓడపై విమానం దించిన మొదటి మనిషి

మామునూరు మైదానం చూసిన మనవారికి విమానం దిగడానికి ఎంత చోటు కావాలో తెలుసు. 120 అడుగుల చెక్కవేదికపై, అదీ నీళ్లలో లంగరేసిన ఓడమీద విమానం దించినవాడు అమెరికావాసి యూజీన్ ఎలీ. 1886లో అయోవా రాష్ట్రంలో పుట్టాడు.

1910 నవంబరు 14న ఆయన ఒక యుద్ధనౌక నుంచి పైకెగిరినప్పుడు చక్రాలు సముద్రాన్ని తాకాయి. ఈత రాని మనిషి! ఎలాగో ఒడ్డు చేరాడు. అయినా 1911 జనవరి 18న శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో పెన్సిల్వేనియా నౌకపై దిగడానికి బయలుదేరాడు. బావిలో ఈత నేర్చే పిల్లల్లా ఒంటికి సైకిలు ట్యూబులు చుట్టుకొన్నాడు. వేదికపై అడ్డంగా 22 తాళ్లు, వాటి కొసలకు ఇసుక మూటలు కట్టారు. విమానం కింది కొక్కేలకు తాళ్లు చిక్కి, ఇసుక బరువుకు బండి ఆగింది. చిక్కకపోతే ఎదుట ఓడ స్తంభమే. 1971 యుద్ధంలో బంగాళాఖాతంలో పోరిన మన విక్రాంత్‌పై విమానాలను ఆపినవీ అడ్డుతాళ్లే, కాకపోతే ఉక్కువి.

నౌకాదళంలో కొలువు కోరాడు, దొరకలేదు. బతుకుతెరువుకు ఊరూరా విమాన విన్యాసాలు చూపుతూ, అదే ఏడు అక్టోబరు 19న జార్జియా రాష్ట్రం మేకన్‌లో కూలి మరణించాడు. ఇరవై అయిదేళ్లు నిండడానికి ఇంకా రెండు రోజులుంది. ప్రభుత్వ పతకం 1933లో ఇచ్చారు.